ఫోర్ట్ కేసీకి వెళ్తున్నారా? టార్చిలైటు మర్చిపోకండి

సియాటెల్ వైపు ఉండేవాళ్లు పిల్లలతో విడ్బీ ద్వీపంలోని పాత సైనిక కోట, ఇప్పుడు స్టేట్ పార్క్ అయిన ఫోర్ట్ కేసీకి వెళ్తే మనిషికో టార్చిలైటు పట్టుకెళ్లండి. ఫోన్ లైటు సరిపోదు. కాంక్రీటు బంకర్ల లోపల గదులు పట్టపగలు కూడా చిమ్మచీకటిగా ఉంటాయి, పిల్లలు ఆగకుండా లోపలికి పరిగెడతారు. పైన ఫిరంగి గద్దెల దగ్గర మాత్రం చెయ్యి వదలకండి, కొన్ని అంచులకు రెయిలింగ్ ఉండదు.

అక్కడున్న రెండు 10 అంగుళాల ఫిరంగులు పేల్చగానే గోడ వెనక్కి దిగి దాక్కునే రకం. ఇప్పుడున్నవి కోటతో పుట్టినవి కావు, 1968లో ఫిలిప్పీన్స్ నుంచి తెచ్చి పెట్టారు. మావాడు ఆ మాట నమ్మనేలేదు!

క్యాంపింగ్ స్థలం కింద నీళ్ల ఒడ్డున, ఫెర్రీ రేవు పక్కనే. చూడ్డానికి బాగుంటుంది గానీ గాలి, ఓడల చప్పుడు తప్పవు. టెంటుకు మేకులు గట్టిగా కొట్టుకోండి, వేసవిలోనైనా స్వెటర్లు ఉండాలి. ఆ ఫెర్రీలో అవతలి ఒడ్డున ఉన్న పోర్ట్ టౌన్‌సెండ్ ఊరి మీదుగా తిరిగొచ్చేట్టయితే కారుకి ఫెర్రీ రిజర్వేషన్ ముందే చేసుకోండి. పగటిపూట చూసి వచ్చేసేవాళ్లకి కారుకి డిస్కవర్ పాస్ (వాషింగ్టన్ స్టేట్ పార్కుల్లో బండి పెట్టుకునే పాస్) కావాలి.