మొక్కజొన్న వయసు లెక్క, 3వ పాఠం: కాలర్ చూసి ఆకు లెక్కపెట్టడం

పోయినసారి మొలక దగ్గర ఆపాం కదా, ఈసారి ఆకులు. ఇందులో అందరూ తప్పు చేస్తారు, నేనూ రెండు సీజన్లు తప్పే లెక్కపెట్టా, ఎందుకంటే కంటికి కనిపించే ఆకులన్నీ లెక్కేసేవాణ్ణి, సుడిలోంచి ఇంకా చుట్టలా బయటికి వస్తున్నది కూడా.

చూడాల్సింది కాలర్. ఆకు కాండాన్ని వదిలి బయటికి వంగే చోట లేత రంగులో ఒక పట్టీ ఉంటుంది, చొక్కా కాలర్ లాగా. ఆ పట్టీ కనిపిస్తేనే ఆ ఆకు లెక్కలోకి వస్తుంది, కనిపించకపోతే ఆకు జానెడు పొడుగున్నా సరే వదిలేయండి. నాలుగు కాలర్లు ఉంటే మొక్క స్టేజీ వీ4, ఆరుంటే వీ6, అంతే. లెక్క కింది నుంచి మొదలుపెట్టాలి, అన్నిటికంటే కిందున్న మొదటి ఆకు మొన గుండ్రంగా బొటనవేలులా ఉంటుంది, మిగతావన్నీ కోసుగా ఉంటాయి కాబట్టి పోల్చుకోవడం ఈజీ. కొందరు వంగిన ఆకుల్ని బట్టి లెక్కపెడతారు, అలా చేస్తే ఒకటి రెండు ఎక్కువొస్తాయి, మందు డబ్బా మీద రాసిన స్టేజీ ఏ పద్ధతిదో తెలియకపోతే ఇక్కడే తేడా కొడుతుంది.

ఇంత తంటా ఎందుకంటే, ఈ నంబర్ చెప్పేది మొక్క లోపల ఏం జరుగుతోందో. మా ఆనందపురం వైపు పొలంలో పోయినేడు వీ4 దగ్గర మేకలు పడి ఒక మూల మొత్తం మేసేశాయి, నేల మీద రెండు వేళ్ల మోడులు మిగిలాయి. పక్క చేను పెద్దాయన వచ్చి చూసి "ఇంకేటి మిగిల్నాది బాబూ, పీకీసి మల్లీ గింజలేసీ" అన్నారు. నేను ఆగా. వీ4లో మొక్క ఎదిగే మొగ్గ ఇంకా నేల లోపలే, ముప్పావు అంగుళం లోతులో ఉంటుంది, మేక పళ్లు అక్కడిదాకా పోవు. నాలుగైదు రోజుల్లో మోడులోంచి కొత్త ఆకు లేచింది. అదే వీ6 దాటాక జరిగుంటే పెద్దాయన మాటే కరెక్టు, అప్పటికి ఆ మొగ్గ నేల పైకి వచ్చేస్తుంది. కానీ మొగ్గ నేలలో ఉందని మురిసిపోకండి, చేలో రెండు మూడు రోజులు నీళ్లు నిలిస్తే అదే మొగ్గ ఊపిరాడక కుళ్లిపోతుంది, తుపాను వానలు మనకి కొత్తేం కాదు కదా.

సోయా దీనికి పూర్తిగా రివర్స్. మన విశాఖ వైపు సోయా పెద్దగా వెయ్యరు, ఆదిలాబాద్ వైపు ఎక్కువ, నేను మేడ మీద కుండీలో వేసి చూశా. అది మొలిచేటప్పుడే గింజ బద్దల్ని నెత్తిన పెట్టుకుని బయటికి వస్తుంది, ఎదిగే మొగ్గలన్నీ మొదటి రోజు నుంచే నేల పైన. బద్దల కింద తెగితే ఇక రాదు. లెక్కపెట్టేది కూడా కాలర్ చూసి కాదు, విచ్చుకున్న మూడాకుల గుత్తుల్ని.

మళ్లీ మొక్కజొన్నకి వద్దాం. బీచ్ రోడ్‌లో నిప్పుల మీద కాల్చిన పొత్తు కొన్నప్పుడు ఈసారి నిమ్మకాయ రాసే ముందు వరసలు లెక్కపెట్టండి, 14, 16, ఇలా సరి సంఖ్యే వస్తుంది. గింజల మొగ్గలు జంటలుగా పుడతాయి కాబట్టి. ఎన్ని వరసలు అనేది వీ7 దగ్గర దగ్గర, మోకాలెత్తు మొక్కలోనే తేలిపోతుంది, జల్లు, అంటే మొక్క కొసన మగపూత, వచ్చాక ఎంత యూరియా చల్లినా ఒక్క వరస పెరగదు. వరసకి ఎన్ని గింజలు అనేది మాత్రం ఇంకా కొన్ని వారాలు నడుస్తుంది, అది వచ్చే పాఠంలో.

ఒక చిక్కుంది. వీ6 దాటాక కాండం లావెక్కి కింది ఆకులు చిరిగి రాలిపోతాయి, అప్పుడు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం కుదరదు. అప్పుడు ఒక మొక్కని వేళ్లతో సహా తవ్వి నిలువునా చీల్చండి. కింద కణుపులన్నీ ఒకదానిమీదొకటి ఇరుక్కుని ఉంటాయి, మొట్టమొదట సందు కనిపించేది సాధారణంగా నాలుగో కణుపుకీ ఐదో కణుపుకీ మధ్య. ఆ సందు పైనున్నది ఐదో కణుపు, దాని ఆకు ఐదో ఆకు, అక్కడి నుంచి పైకి లెక్కపెట్టుకోవచ్చు.

రోజుల లెక్క నమ్మొద్దు, వేడిని బట్టే ఆకు వస్తుంది. ఆ రోజు ఉష్ణోగ్రత గరిష్ఠం 32 డిగ్రీలు, కనిష్ఠం 22 అనుకోండి, 30 దాటినదాన్ని 30గానే తీసుకోవాలి, అంటే 30 ప్లస్ 22, సగం చేస్తే 26, అందులోంచి 10 తీస్తే 16, ఆ రోజు మొక్కకి అందిన వేడి లెక్క అది. పదో ఆకు దాకా ఒక్కో ఆకుకి ఈ రోజువారీ లెక్కలు కలిపితే సుమారు 45 కావాలి, అంటే మూడు రోజులకో ఆకు. చలి రోజుల్లో లేటు.

హోంవర్కు: గట్టు పక్కవి వదిలేసి చేను లోపల పది మొక్కలు ఎంచుకుని, ఐదో ఆకు మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి, రాలిపోకముందే. ప్రతి ఆదివారం కాలర్లు లెక్కపెట్టి రాసుకోండి. పదిలో కనీసం ఐదు మొక్కలు ఆరో కాలర్ చూపిస్తేనే చేను వీ6 అని రాయాలి, ముందుకురికిన ఒకటి రెండింటిని చూసి రాయకండి.