ఆషాఢంలో ఇంటీరియర్ పని పెట్టుకున్నారా? ముందు గోడ ఆరిందో లేదో చూడండి

శ్రావణంలో గృహప్రవేశం అనుకున్న ఇళ్లలో చెక్కపని, రంగుల పని ఎక్కువగా ఆషాఢంలోనే, అంటే సరిగ్గా వానల్లోనే సాగుతుంది. ఇంటీరియర్ డిజైనర్‌గా నేను పెట్టుకున్న మొదటి నియమం ఒక్కటే: ఆరని గోడను దేనితోనూ కప్పను. వాల్‌పేపర్ అయినా, చెక్క ప్యానెల్ అయినా సరే. వెనక చేరిన చెమ్మకు బయటికి దారి ఉండదు, బూజు పడుతుంది.

పరీక్ష తేలిక. అడుగు చదరపు పాలిథిన్ షీటును నాలుగు అంచులా టేపు వేసి గోడకు అంటించి, ఒక రోజంతా వదిలేయండి. షీటుకు గోడవైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచే వస్తోంది. బయటివైపు తడిస్తే అది గదిలోని తేమ. బాత్‌రూమును ఆనుకున్న గోడ, డాబా కింది పైకప్పు, కిటికీల కింది మూలలు తప్పక చూడండి. తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే దానిమీద పుట్టీ పూయించకండి. నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో కనిపెట్టి, ముందు అది ఆపించండి.

స్లైడింగ్ కిటికీల పట్టాలో నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలుంటాయి. పని జరిగిన ఇంట్లో అవి సిమెంటుతో, రంపపు పొట్టుతో పూడిపోతాయి. చెంబెడు నీళ్లు పోసి చూడండి. బయటికి పోకపోతే జోరువానకు ఆ నీళ్లే గదిలోకి వస్తాయి.

సింకు కింద ఐఎస్ 710 (తడిని తట్టుకునే ప్లైవుడ్‌కు భారత ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడండి. పార్టికల్ బోర్డు తడికి ఉబ్బిందంటే మళ్లీ మామూలు కాదు. ఏ బోర్డయినా నీళ్లు తాగేది కోసిన అంచుల దగ్గర, పైపు కోసం తొలిచిన రంధ్రాల దగ్గర. లామినేట్ పైకి ఎంత మెరుస్తున్నా, లోపలి అంచులు సీల్ చేశారో లేదో వేలితో తడిమి చూడండి. ప్లైవుడ్ షీట్లను గోడకు ఆనించి నిలబెట్టొద్దు, వంగుతాయి. నేలమీద రీపర్లు (సన్నని చెక్క బద్దలు) వేసి, వాటిపై పడుకోబెట్టాలి.

ముసురు పట్టిన రోజు చెక్కకు పాలిష్ వద్దు, తెల్లగా మసకబారుతుంది. 'ఫ్యాన్ పెడితే ఆరిపోతుంది మేడమ్' అని మేస్త్రీ చెప్పినా ఒప్పుకోకండి. తడి గోడమీద టీవీ యూనిట్ లైట్లు పెట్టించొద్దు. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, అంటే ఆర్‌సీసీబీ, టెస్ట్ బటన్ నొక్కి, కరెంటు ఆగుతోందో లేదో చూసుకోండి.

ముహూర్తం దగ్గరపడినా గోడ ఆరలేదా? పాలు పొంగించడానికి పొయ్యి, దేవుడి గూడు, శుభ్రమైన నేల ఉంటే చాలు, గృహప్రవేశం చేసుకోవచ్చు. ఆ గోడ వార్డ్‌రోబ్ దసరా తర్వాత బిగిస్తారు. కోస్తాలో నవంబరు దాకా వానలుంటాయి కాబట్టి అక్కడ ఇంకాస్త ఆగండి. ఆ పనికి కట్టాల్సిన డబ్బు బిగించాకే ఇస్తామని కాంట్రాక్టరుతో ఇప్పుడే రాయించుకోండి.