చాలాకాలం నిలిపిన బండిలో అతుక్కున్న క్లచ్‌ని విడిపించడం

ఇంజన్ ఆన్‌లో పెడల్ పూర్తిగా తొక్కినా గేర్ పడక గరగరమంటోందా? ఒకరిని తొక్కమని గేర్‌బాక్స్ పక్కన ఫోర్క్ (పెడల్ తొక్కితే కదిలి క్లచ్‌ని విడదీసే మీట) చూడండి. అది కదలకపోతే తప్పు కేబుల్‌ది, లేదా హైడ్రాలిక్‌ది (పెడల్ ఒత్తిడిని ద్రవంతో అందించే ఏర్పాటుది). కదిలితే, తేమకు ఫ్లైవీల్ (ఇంజన్‌తో తిరిగే బరువు చక్రం) తుప్పు పట్టి క్లచ్ ప్లేటు దానికి అంటుకుపోయినట్టే.

ఇంజన్‌ను ఆరుబయట న్యూట్రల్‌లో 15 నిమిషాలు వేడెక్కించి ఆపండి. పెడల్ నొక్కి, సీటుకూ దానికీ మధ్య కర్ర బిగించి రాత్రంతా వదిలేయండి. తుప్పు పలచగా ఉంటే ఇక్కడే దారికొస్తుంది.

రాకపోతే, ఎదురుగా ఖాళీ జాగా చూసుకుని టాప్ గేర్ వేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, క్లచ్, బ్రేకు రెండూ గట్టిగా తొక్కి స్టార్టర్‌ను 2-3 సెకన్లే తిప్పండి. టక్‌మని విడిపోతుంది. జాకీ మీద లేపి మాత్రం వద్దు. లోపలికి తుప్పు వదిలించే నూనె కొట్టారో, లైనింగ్ (ప్లేటు మీది రాపిడి పొర) పీల్చుకుని తర్వాత క్లచ్ జారుతుంది. విడిపోయాక కూడా బండి అదురుతుంటే లైనింగ్ ఊడి ఉండొచ్చు, అప్పుడు గేర్‌బాక్స్ దించాల్సిందే.