పరాయి దేశంలో ఇల్లు కట్టడానికి వెళ్తున్నారా?

గూడు లేని కుటుంబానికి ఇల్లు కట్టిపెట్టడానికి వేరే దేశం వెళ్దామనుకుంటే, టికెట్ కొనేముందే నిర్వాహకుల్ని రెండు మాటలు అడగండి. ఏ కుటుంబానికి కట్టాలో ఎవరు తేల్చారు? ఆ ఇంటివాళ్లు పనిలో ఉంటారా? ఊరివాళ్లే కూర్చుని ఎంచారు, ఇంటివాళ్లూ మనతోపాటు ఇటుక మోస్తారు అంటే నిశ్చింతగా వెళ్లండి. జవాబు చెప్పకుండా నీళ్లు నమిలితే ఆ ప్రయాణం డబ్బు అక్కడి మేస్త్రీల కూలికి పంపడమే మేలంటాను.

1976లో అమెరికాలోని జార్జియాలో మిలార్డ్, లిండా ఫుల్లర్ దంపతులు హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే ఇళ్లు కట్టే సేవాసంస్థని మొదలుపెట్టింది, ఇంటివాళ్లూ పనిలో చేయి కలపాలనే ఈ నమ్మకంతోనే. వాళ్ల మూల పద్ధతిలో ఇల్లు ఊరికే రాదు. ఇంటివాళ్లు ఒళ్లు వంచి పనిచేయాలి, వడ్డీ లేని అప్పు వాయిదాల్లో తీర్చాలి. ఆ వాయిదాల సొమ్ముతో ఇంకో ఇల్లు లేస్తుంది.

ధనుర్వాతం టీకా వేయించుకోండి. మందపాటి అడుగున్న బూట్లు, గ్లౌజులు సర్దుకోండి. పర్యాటక వీసా మీద జీతం లేని పనికి కూడా కొన్ని దేశాలు ఒప్పుకోవు, ముందే కనుక్కోండి. వాళ్ల భాషలో ఇటుక, నీళ్లు, ఆగు, చాలు అనే మాటలైనా నేర్చుకోండి.

పనిలో దిగాక మేస్త్రి మాటే మాట. మీరు ఇంజనీరైనా సరే, అక్కడ మీరు చేతిసాయం మనిషే. ఇటుకలు ముందే నానబెట్టాలి, లేకపోతే మాలులో, అంటే సిమెంటూ ఇసుకా కలిపిన ముద్దలో, తడంతా పీల్చేస్తాయి. సిమెంటూ ఇసుకా పొడిగానే రంగు ఒక్కటయ్యేదాకా తిప్పి, ఆ తర్వాత నీళ్లు పోయాలి. బిగుసుకున్న మాలులో మళ్లీ నీళ్లు పోసి వాడితే గోడకి బలం ఉండదు, అందుకే కొంచెం కొంచెంగా కలుపుకోవాలి.

నా మొదటి గోడ నాలుగు వరుసలు లేచాక గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి మేస్త్రి దారానికి కట్టిన గుండు వదిలి చూశాడు. వేలి మందం బయటికి వాలి ఉంది. ఆయన ఒక్క మాటా అనకుండా తాపీతో ఒక్కో ఇటుకా ఊడదీసి పక్కన పెట్టాడు. ఆ ఇంటావిడ వచ్చి నా పక్కన కూర్చుని, పచ్చి మాలు అంటుకున్న ఆ ఇటుకల్ని బకెట్లో ముంచి కడిగింది. అది ఆమె పిల్లలు పడుకోబోయే గది గోడ. అప్పటినుంచి వరుస తిన్నగా రావడానికి తాడు లాగకుండా, గుండు వదలకుండా నేను పై వరుస ఎత్తలేదు.

ఫొటో తీయాలంటే ఇంటివాళ్లని అడగండి. పిల్లలకి విడిగా కానుకలు పంచకండి, అందనివాళ్లు చిన్నబోతారు. ఇవ్వాలనిపిస్తే ఊరి పెద్దల ద్వారా ఇవ్వండి.

మీరు తిరిగొచ్చే రోజుకి ఇల్లు పూర్తి కాకపోవచ్చు. కొత్త గోడకి కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలి. అది పొద్దున ఎవరు చేస్తారో, సాయంత్రం ఎవరు చేస్తారో ఇంటివాళ్లతో మాట్లాడి, బకెట్టు వాళ్ల చేతిలో పెట్టి బయల్దేరండి.