పైపు పొగాకు మీకు కుదరడం లేదా? ఇంకో టిన్ కొనే ముందు ఇవి చూసుకోండి

కొత్తగా పైపు పట్టినవాళ్ళలో ఎక్కువమంది ఒకటే దారిలో వెళ్తారు. నాలుక మండుతుంది, పొగాకు మంచిది కాదనుకుని ఇంకో టిన్ కొంటారు, అదీ మండుతుంది, మూడోది కొంటారు, చివరికి అల్మరాలో సగం వాడిన టిన్‌లన్నీ ఎండిపోతూ పడి ఉంటాయి. మన దగ్గర మంచి పైపు పొగాకు దొరకడమే కష్టం, ఎవరైనా విదేశాల నుంచి వస్తుంటే 50 గ్రాముల టిన్ ఒకటి తెప్పించుకుంటాం, కాబట్టి ఈ దుబారా ఇంకా బాధగా ఉంటుంది. నేను చెప్పేది ఒక్కటే: ముందు పొగాకులో తేమ చూడండి, తర్వాత మీరు దమ్ము లాగే వేగం చూడండి, ఈ రెండూ సరిగ్గా ఉన్నా ఇబ్బంది పోకపోతే అప్పుడు బ్లెండ్ (ఆకులు కలిపి చేసిన పొగాకు మిశ్రమం) మార్చండి. అదీ ఏ ఆకు మీకు పడలేదో తెలుసుకుని మార్చండి.

ఇంకో మాట సూటిగా చెప్పాలి. పైపు పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చం కాబట్టి ప్రమాదం లేదనే మాట నిజం కాదు. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు పైపు తాగేవాళ్ళకూ వస్తాయి. పొగ అలవాటే లేనివాళ్ళు దీంతో మొదలుపెట్టవద్దు. 18 నిండి, ఇదంతా తెలిసీ పైపు కొనుక్కున్నవాళ్ళ కోసమే కింద రాసినవన్నీ.

నాలుక మండుతోంది

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. ఎక్కువసార్లు దీనికి కారణం పొగాకు ఘాటు కాదు, ఆవిరి. దుకాణంలో ఎండిపోకూడదని చాలా కంపెనీలు తాగడానికి తగినదాని కంటే ఎక్కువ తడితోనే టిన్ మూసేస్తాయి. ఆ తడి పొగాకు సరిగ్గా అంటుకోదు, అంటుకోవడం లేదని మనం గట్టిగా లాగుతాం, గట్టిగా లాగేసరికి నిప్పు రాజుకుని లోపలి నీరంతా ఆవిరై నేరుగా నాలుక మీదికి వస్తుంది.

చేయాల్సింది చాలా సులువు. ఒక బౌల్‌కి (పైపులో పొగాకు నింపే గుంతకి) సరిపడా పొగాకు తీసి ప్లేటులో పలచగా పరిచి వదిలేయండి. హైదరాబాద్‌లో మామూలు రోజుల్లో అరగంట చాలు, ఏప్రిల్, మే నెలల్లో పావుగంటే ఎక్కువ కావచ్చు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలంలో అయితే బయట గంటలకొద్దీ పెట్టినా ఆరదు, పైగా గాలిలో తేమను పీల్చుకుంటుంది, అక్కడ ఏసీ గదిలో పెట్టాల్సిందే. ఆరిందో లేదో గడియారం చూసి కాదు, వేళ్ళతో తెలుసుకోవాలి. చిటికెడు తీసుకుని నొక్కి వదలండి: ముద్దగా అలాగే ఉండిపోతే తడి, మెల్లగా విచ్చుకుంటే సరిపోయింది, కరకరమని పొడి రాలితే ఎక్కువ ఎండింది.

ఆ తర్వాత వేగం. సిగరెట్ తాగి వచ్చినవాళ్ళు సిగరెట్ లాగినట్టే పైపునూ లాగుతారు. పైపుకి అంత గాలి అక్కర్లేదు. బౌల్‌ను చేత్తో పట్టుకోలేనంత వేడెక్కిందంటే మీరు తొందరపడుతున్నారని అర్థం, పక్కన పెట్టేయండి, ఆరిపోతే ఆరిపోనివ్వండి.

ఈ రెండూ సరిచేసుకున్నాక కూడా మండుతుంటే అప్పుడు ఆకు దగ్గరికి రావాలి. ఇది మన జిల్లాలకు బాగా తెలిసిన విషయమే. జంగారెడ్డిగూడెం వైపు, టంగుటూరు వైపు బ్యారన్‌లలో (పొగాకు ఆరబెట్టే గదుల్లో) వేడి పెట్టి క్యూరింగ్ చేసేది వర్జీనియా రకం ఆకు. ఆకు పసుపు రంగుకి తిరిగేటప్పుడు పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, ఆ దశలో వేడి పెంచి ఆరబెట్టడంతో చక్కెర ఆకులోనే నిలిచిపోతుంది. అందుకే వర్జీనియా తియ్యగా ఉంటుంది, అందుకే తొందరపడి తాగితే వేడిగా కాలి నాలుకను పట్టుకుంటుంది. బర్లీ అనే ఇంకో రకం ఆకును అలా కాదు, నెమ్మదిగా గాలికి ఆరబెడతారు, ఆరేలోపు ఆకు తన చక్కెరను తానే ఖర్చు చేసుకుంటుంది. బర్లీలో తీపి దాదాపు ఉండదు, గింజల్లాంటి పొడి రుచి ఉంటుంది, చల్లగా కాలుతుంది. కాబట్టి వర్జీనియా ఎక్కువగా ఉన్న బ్లెండ్ ఎంత నెమ్మదిగా తాగినా మండుతుంటే ఒక బర్లీ బ్లెండ్ చూడండి. 1907 నుంచి అమెరికాలో అమ్ముతున్న ప్రిన్స్ ఆల్బర్ట్ ఈ కోవలోదే, గొప్ప పేరున్న పొగాకు కాకపోయినా కొత్తవాళ్ళని పెద్దగా ఇబ్బంది పెట్టదు. తిరగబడి కూడా జరుగుతుంది, బర్లీ పొగ క్షారగుణం వైపు ఉంటుంది కాబట్టి కొందరి నాలుకకి అదే పడదు, వర్జీనియా హాయిగా ఉంటుంది. మీది ఏ రకం నాలుకో రెండూ తాగితేనే తెలుస్తుంది.

మండుతున్న నాలుకతో మళ్ళీ తాగి పరీక్షించకండి. పూర్తిగా తగ్గేదాకా ఆపండి.

టిన్ తెరిస్తే ఘుమఘుమ, తాగితే వేడి గాలి తప్ప ఏమీ లేదు

వనిల్లా, చెర్రీ, రమ్ వాసనలతో వచ్చే ఆరోమాటిక్ రకాల్లో జరిగేది ఇది. కొత్తవాళ్ళు ఎక్కువగా వీటితోనే మొదలుపెడతారు, ఎందుకంటే ఎవరో పైపు తాగుతుంటే పక్కన నిలబడి పీల్చిన వాసన వాళ్ళకి నచ్చి ఉంటుంది. కానీ ఆ వాసన పక్కవాళ్ళకి వచ్చేది. తాగేవాడి నోటికి అందులో కొద్దిగానే అందుతుంది, మిగతాదంతా అడుగున ఉన్న ఆకు రుచే. అడుగున ఉన్నది చాలాసార్లు బ్లాక్ కావెండిష్, అంటే ఆవిరిపట్టి నల్లబరిచిన, తనకంటూ రుచి తక్కువ ఉన్న ఆకు. రుచి దొరకక గట్టిగా లాగుతారు, మళ్ళీ పైన చెప్పిన మంటే.

ఇంకో చిక్కు కూడా ఉంది. వీటిలో చాలావాటికి తడి నిలవడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు, అందుకని ప్లేటులో ఎంతసేపు పరిచినా జిగురుగానే తగులుతుంది. అలాంటిది దొరికితే రోజంతా ఆరబెట్టి చూడండి, అప్పటికీ వేళ్ళకి అంటుకుంటుంటే ఆ టిన్‌ను వదిలేయడమే మంచిది. ఆరోమాటిక్ అంటేనే చెడ్డదని కొందరు కొట్టిపారేస్తారు, నేను ఒప్పుకోను, ఆకు బాగుండి పైన వాసన లేతగా వేసినవి చాలా బాగుంటాయి. కొనేటప్పుడు వాసన పేరు కాకుండా లోపల ఏ ఆకులు ఉన్నాయో చదవండి. ఆకుల పేర్లే రాయని టిన్‌తో మొదలుపెట్టకండి.

లాగుతుంటే గురగుర శబ్దం, నోట్లోకి చేదు నీళ్ళు

కారణం తేమే. ఒక పైప్ క్లీనర్‌ను (నూలు చుట్టిన సన్నని తీగను) స్టెమ్‌లోంచి, అంటే నోట్లో పెట్టుకునే గొట్టంలోంచి, లోపలికి పంపి ఒక్క క్షణం ఉంచి తీయండి, తాగుతుండగానే చేయవచ్చు. ఒక బౌల్‌కి ఒకసారి అయితే ఫర్వాలేదు, మూడు నాలుగు సార్లు చేయాల్సి వస్తోందంటే పొగాకు ఇంకా ఆరాలి. వేడిగా ఉన్న పైపులోంచి స్టెమ్ ఊడదీయకండి, ఆ జాయింట్ దగ్గర చెక్క పగులుతుంది.

మాటిమాటికీ ఆరిపోతోంది

ముందు టెన్షన్ పడటం మానేయండి. ఏళ్ళ తరబడి తాగేవాళ్ళు కూడా ఒక బౌల్‌లో నాలుగైదు సార్లు వెలిగించుకుంటారు. మరీ ఎక్కువైతే తేమ చూడండి, తర్వాత కూరిన తీరు చూడండి. వెలిగించకముందే ఒక దమ్ము లాగితే స్ట్రాతో మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా గాలి రావాలి, బుగ్గలు లోపలికి పోతున్నాయంటే గట్టిగా కూరారని, తీసేసి మళ్ళీ నింపండి. మొదటిసారి వెలిగించగానే పొగాకు పైకి ఉబ్బుతుంది, టాంపర్‌తో (పొగాకును అదిమే చిన్న పరికరంతో) మెల్లగా సమం చేసి రెండోసారి వెలిగించాలి, ఆ రెండోదే అసలు వెలిగింపు.

ఇక్కడ బ్లెండ్ ఎంపిక కూడా ఉంది. అదే ఆకును రిబ్బన్‌లా సన్నగా కోసి అమ్ముతారు, అచ్చు వేసి పలకలుగా కోసిన ఫ్లేక్‌గానూ అమ్ముతారు, కోయకుండా దిమ్మలా ప్లగ్‌గానూ అమ్ముతారు. ఫ్లేక్ నెమ్మదిగా చల్లగా కాలుతుంది, బాగుంటుంది, కానీ దాన్ని మడిచి యథాతథంగా బౌల్‌లో పెట్టడం కొత్తవాళ్ళకి కుదరదు. అరచేతుల మధ్య రుద్ది పూర్తిగా పోగుల్లా విడదీసి, ఆరబెట్టి, అప్పుడు నింపండి. ప్లగ్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. మొదటి టిన్ రిబ్బన్ కట్ అయితే ఈ ఇబ్బందే ఉండదు.

తల తిరుగుతోంది, చెమటలు, వాంతి వచ్చేలా ఉంది

ఇది నికోటిన్. వెంటనే పైపు పక్కన పెట్టి కూర్చోండి, మంచినీళ్ళు తాగండి, ఏదైనా తియ్యనిది తింటే తేలికపడుతుందని చాలామంది అనుభవం. మామూలుగా కాసేపటికి తగ్గుతుంది. తగ్గకపోయినా, వాంతులు ఆగకపోయినా, గుండె దడ ఎక్కువైనా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

కారణాలు మూడు నాలుగు కలిసి ఉంటాయి: ఖాళీ కడుపు, పెద్ద బౌల్, తొందర, పొగను లోపలికి పీల్చడం. సిగరెట్ అలవాటు ఉన్నవాళ్ళు తెలియకుండానే పీల్చేస్తారు. పైపు పొగ నోట్లోకి తీసుకుని వదిలేసేది. భోజనం అయ్యాకే తాగండి, చిన్న బౌల్ ఉన్న పైపు వాడండి, బౌల్ అంతా పూర్తి చేయాలన్న నియమం ఏదీ లేదు.

బ్లెండ్ సంగతికి వస్తే ఇక్కడ కొత్తవాళ్ళంతా ఒకేలా పొరపడతారు. ముక్కుకి ఘాటుగా అనిపించింది నికోటిన్‌లోనూ ఘాటే అనుకుంటారు. అలా కాదు. పొగచూరిన కట్టెల వాసన కొట్టే లటాకియా అనే ఆకులో నికోటిన్ తక్కువే. మెత్తగా, మామూలుగా అనిపించే బర్లీలో ఎక్కువ, కెంటకీ రకంగా పిలిచే, మంట మీద పొగబెట్టిన ముదురు ఆకులో ఇంకా ఎక్కువ. పల్లెటూళ్ళో తాతలు లంక పొగాకు చుట్టలు తాగడం చూసినవాళ్ళకి ముదురు ఆకు దెబ్బ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇంగ్లండ్‌లోని కెండల్ ఊళ్ళో తయారయ్యే 1792 ఫ్లేక్ లాంటివి, తాడులా పేనిన ట్విస్ట్ రకాలు అన్నీ కొన్నేళ్ళ తర్వాతి మాట. టిన్ మీద బలం తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని రాసి ఉంటే ఆ ముక్కను నమ్మండి, మొదట తక్కువతోనే ఉండండి.

కాలిన కట్టెలు, తోలు వాసన, ఇంట్లోవాళ్ళు తిడుతున్నారు

మీ చేతిలో ఉన్నది లటాకియా వేసిన ఇంగ్లిష్ బ్లెండ్. సిరియా రేవు పట్టణం లటాకియా పేరే దానికి వచ్చింది, ఇప్పుడు మార్కెట్లో కనిపించేది ఎక్కువగా సైప్రస్‌లో తయారైన ఆకు, ఓరియంటల్ జాతి ఆకును కట్టెల పొగలో చాలాకాలం ఉంచి చేస్తారు. చెడిపోలేదు, దాని గుణమే అది. కొందరికి మొదటి దమ్ముకే ప్రాణం లేచి వస్తుంది, కొందరికి ఎప్పటికీ ఎక్కదు.

అలవాటు చేసుకోవాలనుకుంటే లటాకియా తక్కువగా కలిపినదానితో మొదలుపెట్టండి. ఒకప్పుడు డన్‌హిల్ పేరుతో, ఇప్పుడు పీటర్‌సన్ పేరుతో వచ్చే ఎర్లీ మార్నింగ్ పైప్ తేలికైనది, అదే వరుసలోని నైట్‌క్యాప్ చాలా నిండుగా ఉంటుంది, రెంటినీ ఒకటే అనుకుని రెండోది ముందు కొనకండి. ఇంట్లో వాసన గొడవకి బ్లెండ్ మార్చడం పరిష్కారం కాదు. వనిల్లా పొగ అయినా పిల్లల ఊపిరిలోకి వెళ్ళేది పొగే. ఇంటి బయటికి వెళ్ళి తాగండి. మన దేశంలో 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నిషేధం కాబట్టి ఆ బయట అన్నది కూడా ఎక్కడో చూసుకోవాలి.

ఏ పొగాకు వేసినా పాత వాసనే వస్తోంది

లటాకియా, గట్టి ఆరోమాటిక్ రకాలు, కెండల్ వాళ్ళ పూల అత్తరు లాంటి వాసన వేసినవి బ్రయర్ చెక్కలోకి (చాలా పైపులు చేసేది దీంతోనే) దిగిపోతాయి. కొత్త బ్లెండ్ బాగాలేదని మీరు తీర్పు ఇచ్చింది నిజానికి పాత బ్లెండ్ మీద. వాసన వేయని బర్లీ కొన్ని బౌల్స్ వరసగా తాగితే చాలావరకు పోతుంది. అసలైతే బ్లెండ్‌లు వెతుక్కునే రోజుల్లో మొక్కజొన్న కంకితో చేసిన కాబ్ పైపులు రెండు మూడు పెట్టుకోవడం మంచిది, అమెరికాలో మిసోరి మీర్‌షామ్ కంపెనీ 1869 నుంచి వీటిని చేస్తోంది, బ్రయర్‌తో పోలిస్తే చాలా చవక. ఒక్కో పైపు ఒక్కో రకం పొగాకుకి కేటాయించండి: వర్జీనియాకి ఒకటి, లటాకియాకి ఒకటి, ఆరోమాటిక్‌కి ఒకటి. అప్పుడే ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో తేలుతుంది. ఒక రకాన్ని ఒక్క బౌల్‌తో తేల్చేయకండి, రోజు మార్చి, తేమ మార్చి, కనీసం మూడు నాలుగు సార్లు చూడండి.

టిన్‌లో పొగాకు ఎండిపోయింది, లేదా తెల్లగా ఏదో పట్టింది

టిన్ ఒకసారి తెరిచాక దాని మూత దేనికీ పనికిరాదు. రబ్బరు రింగు ఉన్న గాజు సీసాలోకి మార్చండి, కొత్త సీసా కొనండి, ఆవకాయ పెట్టిన సీసాను ఎంత కడిగినా ఆ వాసన పోదు. ఎండినదాన్ని గిన్నెలో వేసి పైన తడిపి పిండిన బట్ట కప్పి, మధ్యమధ్య కలుపుతూ చూసుకోండి. ఆపిల్ ముక్క, బంగాళదుంప ముక్క వేయమని చెప్తారు, వద్దు, బూజు అక్కడి నుంచే మొదలవుతుంది.

తెల్లగా కనిపించింది మెరుస్తున్న సన్నని స్ఫటికాల్లా ఉండి, చెడు వాసన లేకపోతే పాతబడిన వర్జీనియాలో అది మామూలే. దూదిలా నూగుగా ఉండి, ముక్కవాసన వస్తే బూజు. పైపైన తీసేసి వాడదామనుకోకండి, మొత్తం పారేయండి.

నోట్లో పుండు మానడం లేదు, అంగిలి తెల్లబడింది

దీన్ని నాలుక మంటతో కలపకండి. బ్లెండ్ మార్చినా, తేమ తగ్గించినా తగ్గేది కాదు. వేడి పొగ రోజూ తగిలితే అంగిలి తెల్లబడి మధ్యలో ఎర్రటి చుక్కలు వస్తాయి, పైపు తాగేవాళ్ళలో డాక్టర్లకి ఇది బాగా తెలిసిన మార్పు. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట) తాగే ఆడవాళ్ళ అంగిలి మీద వచ్చే మార్పులు, క్యాన్సర్లు కూడా వైద్యులు ఎప్పటినుంచో చూస్తున్నవే. పైపు వెంటనే ఆపేయండి. పుండు గానీ, తెల్లమచ్చ గానీ, ఎర్రమచ్చ గానీ రెండు వారాల్లో పోకపోతే డెంటిస్ట్‌కో ఈఎన్‌టీ డాక్టర్‌కో చూపించండి, నొప్పి లేదు కదా అని ఆగకండి. ఆపాలనుకుని ఆపలేకపోతుంటే పొగాకు మానేవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే క్విట్‌లైన్ ఉంది, నంబర్ 1800-11-2356, ఫోన్ ఖర్చు ఉండదు.