శ్రామికులే యజమానులుగా సైన్స్ నమూనాల తయారీ – 3వ పాఠం: మన కష్టానికి ధర కట్టడం

కిందటి పాఠంలో సంఘం రిజిస్ట్రేషన్ చూశాం: 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, కనీసం 10 మంది సభ్యులు, బైలాలు (సంఘం సొంత నియమాలు). ఈసారి ధర. సొంత సంఘమే కదా అని మన కూలిని లెక్కలో వేసుకోకపోతే, ఎంత మంచి సరుకు చేసినా సంఘం నిలబడదు.

లెక్కకు చిన్న మోటారు నమూనా తీసుకుందాం. కరెంటును ఆపే ఎనామిల్ పూత ఉన్న 26 గేజ్ రాగి తీగ, పెద్ద సెల్, రెండు పిన్నీసులు, ఫెర్రైట్ అయస్కాంతం, చెక్క పీఠం కావాలి. సెల్ చుట్టూ 15 చుట్లు చుట్టి, ఆ చుట్టను సెల్ నుంచి జార్చి తీసి, రెండు వైపులా 5 సెంటీమీటర్ల కొసలు వదిలితే సుమారు 1.7 మీటర్ల తీగ పడుతుంది. తూకంలో రెండున్నర గ్రాములు. మోటార్ల వైండింగ్ షాపుల్లో తీగ కిలోల లెక్కన దొరుకుతుంది. కిలోకు 400 చుట్టలు రావాలి, కానీ తెగినవీ పాడైనవీ పోగా 350 అనే రాసుకోండి.

ఎక్కువ పాడయ్యేది కొసలు గీకే దగ్గరే. ఈ కొసలే పిన్నీసుల మీద ఆని, సెల్ నుంచి చుట్టకు కరెంటు తెస్తాయి. ఒక కొసకు పూత చుట్టూతా తీసేయాలి. రెండో కొసకు మాత్రం సగమే. చుట్టను బల్ల అంచున నిలువుగా పట్టుకుని, కొసను బల్లమీద ఆనించి, పైవైపు మాత్రమే గరుకు కాగితంతో రుద్దండి. రెండు కొసలూ పూర్తిగా గీకేస్తే, చుట్ట సగం తిరగగానే దాని మీద బలం వెనక్కి మళ్లుతుంది. అది ఊగుతుందే తప్ప తిరగదు. సగం పూత ఉంటే ఆ అర చుట్టులో కరెంటు ఆగి, చుట్ట తన ఊపుతోనే ముందుకు పోతుంది. చాలామంది అయస్కాంతాన్ని అనుమానించి మారుస్తుంటారు. ముందు కొసలు చూడండి.

ఇంకొకటి. ఈ చుట్ట నిరోధం 0.2 ఓమ్ కూడా ఉండదు. తిరగకుండా ఆగిపోతే సెల్ దాదాపు షార్ట్ అయినట్టే, బాగా వేడెక్కుతుంది. పిల్లల చేతికిచ్చే వస్తువు ఇది. అందుకే కాలింగ్ బెల్ బటన్ లాంటి స్విచ్ పెట్టండి, నొక్కినంతసేపే కరెంటు పారుతుంది. సెల్ బిగించి పంపొద్దు, విడిగా పెట్టండి.

ఇక సమయం. అందరికంటే చేయి తిరిగిన మనిషి వేగాన్ని లెక్కకు తీసుకోవద్దు. మొదటి 50 వదిలేసి, తర్వాతి 50కి అందరికీ కలిపి పట్టిన సమయం చూసి, 50తో భాగించండి. ఉదాహరణకు ఒక నమూనాకు చుట్టడం 4 నిమిషాలు, గీకడం 3, పీఠం 5, బిగించి పరీక్షించడం 4, ప్యాకింగ్ 2, మొత్తం 18. పాడైనవి మళ్లీ చేయడం, ఊడ్చుకోవడం, సరుకు తేవడం కలిపితే 24 అవుతుంది. గంటకు 100 రూపాయల చొప్పున కూలి 40. సరుకు 35, అద్దె, కరెంటు, రవాణా 15 అనుకుంటే అసలు ఖర్చు 90. (మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.)

కూలి వదిలేసినవాళ్లకు ఖర్చు 50గానే కనిపిస్తుంది. 65కి అమ్మి 15 లాభం అనుకుంటారు. 200 నమూనాలకు 3,000 మిగులుతుంది గానీ పని 80 గంటలు. గంటకు ముప్పై ఏడున్నర రూపాయలు! పని తెలిసినవాళ్లు ముందు మానేసేది ఇక్కడే.

అదే 100కి అమ్మితే కూలి 8,000 చెల్లించాక 2,000 మిగులు. సగం రిజర్వు నిధికి వేసి, మిగతా 1,000 పనిచేసిన గంటలను బట్టి పంచండి: 80లో 20 గంటలు చేసినవారికి 250. వాటా సొమ్ము ఎంత పెట్టారన్నది ఇక్కడ చూడొద్దు. ఓటు మాత్రం గంటలతో పనిలేకుండా మనిషికి ఒకటే. లోటు వస్తే ఎలా భరించాలో కూడా బైలాల్లో ముందే రాసుకోండి, వచ్చాక రాస్తే గొడవే.

అభ్యాసం: ఈ వారం ఒక నోటు పుస్తకంలో ప్రతి సభ్యుడి పని మొదలు, ముగింపు సమయాలు, పాడైన ముక్కల సంఖ్య, కారణం రాయండి. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవానికి ఆర్డర్లు తీసుకునేముందు ఆ పుస్తకం చేతిలో ఉండాలి. వచ్చే పాఠంలో స్కూళ్లకు కొటేషన్ రాయడం, అడ్వాన్సు అడగడం.