నెలసరి క్రమం తప్పినవారు ప్రసవ తేదీని లెక్కించుకోవడం ఎలా?

గర్భం వయసును లెక్కించడం గర్భం నిలిచిన రోజు నుంచి కాక, చివరి నెలసరి మొదలైన రోజు నుంచి ప్రారంభమవుతుంది. ఆ రోజుకు 280 రోజులు, అంటే 40 వారాలు కలిపితే ప్రసవ తేదీ వస్తుంది. తొమ్మిది నెలల ఏడు రోజులు కలపమని చెప్పే ఈ పద్ధతిని జర్మన్ ప్రసూతి వైద్యుడు ఫ్రాంజ్ నేగెలే పేరు మీద నేగెలే సూత్రం అంటారు. నెలసరి సరిగ్గా 28 రోజులకు ఒకసారి వస్తుందనీ, అండం 14వ రోజున విడుదలవుతుందనీ ముందే అనుకుని చేసిన లెక్క ఇది. నెలసరి ఒకసారి 35 రోజులకు, మరొకసారి 60 రోజులకు వచ్చే స్త్రీ విషయంలో ఆ రెండు ఊహలూ నిలబడవు కాబట్టి, ఈ సూత్రం చూపే తేదీని ఆమె తుది తేదీగా తీసుకోకూడదు.

తేడా ఎక్కడ వస్తుందో తెలిస్తే సవరణ సులభం. అండం విడుదలైన తర్వాత నెలసరి వచ్చే వరకు పట్టే కాలం చాలామందిలో రెండు వారాలకు అటూఇటూగా ఉంటుంది. సాగేదీ కుదించుకుపోయేదీ ఎక్కువగా అండం విడుదలకు ముందున్న భాగమే. అందువల్ల ఆలస్యంగానైనా క్రమంగా, ఉదాహరణకు ప్రతిసారీ 35 రోజులకు, నెలసరి వచ్చేవారు నేగెలే తేదీకి అదనంగా ఉన్న ఏడు రోజులను కలుపుకుంటే సరిపోతుంది.

క్రమమే లేనివారు ఒక తేదీకి బదులు ఒక వ్యవధిని రాసుకోవడం మేలు. చివరి నెలసరి జనవరి 10న మొదలైందనీ, అంతకుముందు ఆరు నెలసరుల మధ్య వ్యవధి 35 నుంచి 60 రోజుల దాకా మారిందనీ అనుకుందాం. నేగెలే సూత్రం ప్రకారం ప్రసవ తేదీ అక్టోబరు 17. దానికి కనీసం 7, గరిష్ఠంగా 32 రోజులు కలపాలి కాబట్టి, అంచనా అక్టోబరు 24 నుంచి నవంబరు 18 వరకు విస్తరిస్తుంది. మధ్యలో ఉన్న తేదీని ఎంచుకుని అదే నిజమనుకోవాలనిపిస్తుంది గానీ, ఈసారి అండం ఎప్పుడు విడుదలైందో సగటు చెప్పలేదు.

అండం విడుదలైన రోజు ఏదో విధంగా తెలిసి ఉంటే నెలసరి తేదీతో పనే లేదు. ఆ రోజుకు 266 రోజులు కలిపితే చాలు. ప్రతి ఉదయం శరీర ఉష్ణోగ్రతను నమోదు చేసుకున్నవారికి ఆ రోజు ఉజ్జాయింపుగా దొరుకుతుంది. మూత్రంతో చేసే అండోత్సర్గ పరీక్షలు కూడా ఉపయోగపడతాయి, అయితే పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండం సక్రమంగా విడుదల కాని సమస్య) ఉన్నవారిలో అవి అండం విడుదల కాకుండానే పాజిటివ్ చూపవచ్చు. ఐవీఎఫ్ (శరీరం బయట ఫలదీకరణ) ద్వారా గర్భం దాల్చినవారి లెక్క అన్నిటికంటే తేలిక: ఐదు రోజుల పిండాన్ని ప్రవేశపెట్టిన రోజుకు 261 రోజులు, మూడు రోజుల పిండమైతే 263 రోజులు కలపాలి. చివరి నెలసరిని గుర్తు చేసుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. గర్భం నిలిచిన తొలి రోజుల్లో కనిపించే కొద్దిపాటి రక్తస్రావాన్ని నెలసరిగా లెక్కిస్తే గర్భం వయసు ఉన్నదానికంటే తక్కువగా తేలుతుంది.

ఈ అంచనాలన్నీ తొలి స్కాన్ వరకే. 14 వారాలు నిండకముందు చేసే స్కాన్‌లో శిశువు తల నుంచి పిరుదుల వరకు ఉండే పొడవును, అంటే సీఆర్‌ఎల్‌ను కొలుస్తారు. ఆ దశలో శిశువులందరూ దాదాపు ఒకే వేగంతో పెరుగుతారు కనుక ఈ కొలత ఐదు నుంచి ఏడు రోజుల తేడాతో గర్భం వయసును చెప్పగలదు. పై ఉదాహరణలోని స్త్రీకి మార్చి 20న స్కాన్ చేస్తే గర్భం వయసు 7 వారాల 2 రోజులని తేలిందనుకుందాం. నెలసరి ప్రకారం అది 9 వారాల 6 రోజులు ఉండాలి. తేడా 18 రోజులు. తొమ్మిది వారాలలోపు ఐదు రోజులు, ఆ తర్వాత 14 వారాల వరకు ఏడు రోజులు మించి తేడా ఉంటే స్కాన్ తేదీనే స్వీకరించడం ప్రసూతి వైద్యంలో విస్తృతంగా పాటించే పద్ధతి. కాబట్టి ఆమె ప్రసవ తేదీ నవంబరు 4 అవుతుంది.

అనవసరమైన భయం ఎక్కువగా పుట్టేది కూడా ఈ తొలి స్కాన్ దగ్గరే. నెలసరి లెక్కన ఎనిమిదో వారమని వెళ్లిన స్త్రీకి గర్భసంచిలో చిన్న తిత్తి మాత్రమే కనిపించి, గుండె చప్పుడు కనిపించకపోతే గర్భం పోయిందన్న ఆందోళన కలగడం సహజం. నెలసరి క్రమం తప్పినవారిలో అది నిజానికి ఐదో వారమే కావచ్చు. సీఆర్‌ఎల్ 7 మిల్లీమీటర్లకు చేరకముందు గుండె చప్పుడు కనిపించలేదన్న ఒక్క కారణంతో నిర్ణయానికి రారు; ఒకటి రెండు వారాల తర్వాత స్కాన్‌ను మళ్లీ చేస్తారు. మీ నెలసరి ఎన్ని రోజుల తేడాతో వస్తుందో స్కాన్‌కు ముందే వైద్యులకు చెప్పండి. అయితే తీవ్రమైన కడుపునొప్పి, అధిక రక్తస్రావం, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి ఉంటే తదుపరి స్కాన్ కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ తర్వాతి స్కాన్ రిపోర్టులు కొత్త తేదీలు చూపి తికమక పెడతాయి. యంత్రం ఆ రోజు శిశువు పరిమాణాన్ని బట్టి తేదీని లెక్కిస్తుంది. ఏడో నెలలో శిశువు కాస్త పెద్దగా ఉంటే ప్రసవ తేదీ త్వరగా, చిన్నగా ఉంటే ఆలస్యంగా వస్తుందన్నట్లు కనిపిస్తుంది. తొలి స్కాన్‌తో స్థిరపడిన తేదీని వీటిని చూసి మార్చకూడదు. అలా మారుస్తూ పోతే ఎదుగుదల మందగించిన శిశువు కూడా వయసుకు తగ్గట్టే ఉన్నట్లు కనిపించి, అసలు సమస్య మరుగునపడుతుంది.

తొలి మూడు నెలల్లో స్కాన్ జరగకపోతే 18 నుంచి 22 వారాల మధ్య చేసే స్కాన్ తర్వాతి ఆధారం. దాని తేడా పది రోజుల వరకు ఉండవచ్చు. 28 వారాలు దాటాక మొదటిసారి స్కాన్ చేస్తే తేడా మూడు వారాల దాకా ఉండవచ్చు కనుక, వైద్యులు మూడు నాలుగు వారాల తర్వాత మరోసారి కొలిచి, శిశువు ఆ వ్యవధికి తగినంత పెరిగిందో లేదో చూస్తారు. తేదీ ఏ పద్ధతిలో స్థిరపడినా, ఏ రోజు స్కాన్‌లో ఏ కొలత ఆధారంగా దాన్ని నిర్ణయించారో ఫైలు మొదటి పేజీలో రాయించుకోండి. 41 వారాలు దాటాక నొప్పులు తెప్పించాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు కొత్తగా చూసే వైద్యులు ముందుగా అడిగేది అదే.